గున్నేశ్వరరావు గారి ఫ్లాస్కు

గున్నేశ్వరరావు గారు ఎవరింట్లోనూ కాఫీ తాగరు. ఆయనకి షుగరు లేదు, మడీ లేదు, కాఫీ మీద కోపమూ లేదు. చంకలో ఫ్లాస్కుతో వచ్చి, మన సోఫాలోనే కూర్చుని, మన ఎదుటే మూత తిప్పి తన కాఫీ తాను పోసుకుంటారు. గోదావరి జిల్లాల్లో కత్తి దూసినవాణ్నైనా క్షమిస్తారేమో గానీ, గుమ్మంలోకొచ్చి కాఫీ వద్దన్నవాణ్ని జన్మలో మరిచిపోరు.

"ఒక్క గుక్కండీ మాస్టారూ!"

"వద్దండి. రేపు మీ పేపరు నా దగ్గరికి రివ్యూకి రావచ్చు."

"ఫ్యాన్సీ షాపువాణ్ని, నాకు పేపరేంటండీ బాబూ?"

"మీ మనవడు పీహెచ్‌డీ చేస్తేనో?"

ఆ మనవడు అప్పటికింకా పాకుతున్నాడు.

పెళ్లిళ్లలో ఇంకా ఘోరం. బంతిలో ఆకు ముందు కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర విప్పుతారు. పక్కనే ఆయన భార్య సూర్యకళ గారు, "నేను ఎవరి పేపర్లూ చూడను నాయనా, ఇంకో బొబ్బట్టు వెయ్యి" అంటూ శుభ్రంగా భోంచేస్తారు.

ఆయన రిటైరైన సాయిల్ సైన్సు ప్రొఫెసరు. ఎవరైనా పరిశోధన చేసి పేపరు రాస్తే, అచ్చయ్యే ముందు అది నిజమో బూటకమో ఆ శాస్త్రం తెలిసిన మరొకరు చదివి తేల్చాలి. అదే రివ్యూ. పైసా రాని చాకిరీ. ఆయన మాత్రం దాన్ని న్యాయమూర్తి పదవిలా మోసేవారు.

ఆయన వీధిలోనే ఉండే శ్రీదివ్య అనే అమ్మాయి పాఠాలు చెప్పే రాజమండ్రి ప్రైవేటు కాలేజీలో అంత చాదస్తం ఎవరికీ లేదు. అక్కడ రివ్యూ అంటే వాయినాల పేరంటం. ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం. హెడ్డు ఉదయ్‌భాస్కర్ పేపరు ప్రిన్సిపాల్ సత్యప్రసాద్ గారు చదవకుండా మెచ్చుకుంటారు, ప్రిన్సిపాల్ గారి పేపరు హెడ్డు తెరవకుండా పొగుడుతాడు. మధ్యలో హెడ్డు ఇంట పులస పులుసు పెడితే "అద్భుతం" అని ఒక ముక్క ఎక్కువ పడుతుంది. ఇలాంటి పండితులు కాలేజీకి నలుగురుంటే చాలు, శాస్త్రానికి వేరే శత్రువులక్కర్లేదు.

ఈ మహానుభావుల మధ్య శ్రీదివ్య ఒక పిచ్చిపని చేసింది. నిజంగానే పరిశోధన చేసింది. పాలకొల్లు వైపు రొయ్యల చెరువుల ఉప్పు పక్క వరిచేలలోకి ఎంతదూరం పాకుతోందో తెలుసుకోవాలని గట్లంట తిరిగి మట్టి తీసింది. ఈ ఏడు పేపరు అచ్చు కాకపోతే ఉద్యోగం ఊడుతుందని కాలేజీ చెప్పేసింది.

ఒకసారి చూసిపెడతారని పేపరు, దాంతోపాటు పూతరేకుల పెట్టె పట్టుకుని గున్నేశ్వరరావు గారింటికి వెళ్లింది. ఆయన పెట్టె వెనక్కిచ్చి పేపరు ఉంచుకున్నారు. మర్నాడు అన్నారు:

"దిద్దుబాట్లు చాలా కావాలి. ఎండాకాలం మట్టి తియ్యలేదు. పట్టికలో ‘చిట్టియ్య మావయ్య చేను’ ఏంటమ్మా? అది తీసి అంకె వెయ్యి."

శ్రీదివ్య తిట్టుకుంటూనే మండుటెండలో మళ్లీ మట్టి తీసింది. కోపంకొద్దీ మావయ్యని మాత్రం పట్టికలోనే ఉంచింది.

కాలేజీ పత్రికకి పంపితే రివ్యూ ఉదయ్‌భాస్కర్‌కే వెళ్లింది. "కొత్తదనం లేదు" అని తిప్పికొట్టాడు. ఆ కొత్తదనం లేని పేపరునే తన పేరుతో ఢిల్లీ పత్రికకి పంపించుకున్నాడు. ఇది శ్రీదివ్యకి తెలియదు. ఆ పత్రికవాళ్లు దాన్ని గున్నేశ్వరరావు గారికే రివ్యూకి పంపారు. ఆయన చదివి, ఇది శ్రీదివ్య పేపరని వాళ్లకి రాసి, రివ్యూ గుట్టు బయటపెట్టకూడదు గనక నోరు కట్టేసుకున్నారు.

ఆ వారమే ఆయన శ్రీదివ్య ఇంటికి వచ్చి ఫ్లాస్కు విప్పారు. ఆమె ఏడుస్తూ గోడు చెప్పుకుంది.

"దాని గురించి నేను మాట్లాడకూడదమ్మా" అని మూత బిగించి లేచిపోయారు.

"మనిషా, కరెంటు స్తంభమా!" అంది శ్రీదివ్య తల్లి రామలక్ష్మి. ఆవిడ తెచ్చిన కాఫీ చల్లారిపోయింది.

ఢిల్లీవాళ్లు సంజాయిషీ అడిగాక కాలేజీలో విచారణ పెట్టక తప్పలేదు.

"ఆ అమ్మాయే నాది కాపీ కొట్టిందండీ" అన్నాడు ఉదయ్‌భాస్కర్, చెమటైనా పట్టకుండా.

పత్రిక తరఫున విచారణకి కూర్చున్న గున్నేశ్వరరావు గారు అతని పేపరులో పట్టిక తెరిచారు. "ఇందులో చిట్టియ్య మావయ్య చేను అని ఉందండి. ఎవరండీ ఆయన?"

"ఆయ్, మా మావయ్యేనండి."

"మీకున్న ఒక్క మావయ్యగారిదీ రాజాంలో బట్టలకొట్టు కదండీ. మీ పెళ్లికి ఫ్లాస్కుతో వచ్చాను నేను. పాలకొల్లులో చేను ఎప్పుడు కొన్నారు?"

"చిట్టియ్య మా అమ్మకి సొంత తమ్ముడండీ!" అని అరిచింది శ్రీదివ్య.

"ఈయన వాళ్ల మనిషండీ! వాళ్లింటికి పోతుంటారు!" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"అవునా మాస్టారూ?" అన్నారు ప్రిన్సిపాల్, ప్రాణం లేచొచ్చి.

"వెళ్లాను. మంచినీళ్లు కూడా ముట్టలేదు. వాళ్లమ్మగారు ఇప్పటికీ తిడుతున్నారు, అడగండి. పోనీ, విచారణకి కూర్చున్నవాళ్లలో ఉదయ్‌భాస్కర్ గారింట పులస తిననివాళ్లు చెయ్యెత్తండి."

ఆయన చెయ్యొక్కటే లేచింది.

ఉదయ్‌భాస్కర్ "టైపిస్టు పొరపాటు" అన్నాడు. సిగ్గున్నవాడికి కదా తప్పు ఒప్పుకునే బాధ! శ్రీదివ్య పేపరు కొత్తవాళ్ల రివ్యూకి వెళ్లి ఆమె పేరుతోనే అచ్చయింది, ఉద్యోగమూ నిలబడింది.

ఆ ఆదివారం గున్నేశ్వరరావు గారు ఉత్తి చేతులతో వచ్చారు. "కాఫీ పెట్టమ్మా."

శ్రీదివ్య ఆయన ఖాళీ చంక వైపు చూసింది. "రేపు నా పేపరు మీ దగ్గరికొస్తేనో మాస్టారూ?"

"రాదు. నీ పక్షాన మాట్లాడినవాణ్ని, ఇంక నీ పేపరు నేను చూడకూడదు. పత్రికలవాళ్లకి చెప్పేశాను."

"మరి ఇన్నాళ్లూ..."

"కాఫీ తాగినవాడి మాట అవసరానికి ఎవరు నమ్ముతారమ్మా? ఏదో ఒకరోజు ఎవరో ఒకరికి కావాలి కదా, ఊళ్లో తాగనివాడు ఒక్కడైనా!"

అమ్మ కరెంటు స్తంభమన్న మనిషి మీద శ్రీదివ్యకి ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేం. రామలక్ష్మి గారు పరుగున గ్లాసు తెచ్చారు. ఆయన కళ్లు మూసుకుని ఆఖరి చుక్కదాకా తాగారు.

"ఎలా ఉందండీ?"

"డికాషను పల్చన, పంచదార ఎక్కువ. దిద్దుబాట్లు చాలా కావాలి" అంటూ ఖాళీ గ్లాసు చేతికిచ్చారు. "సరిచేసి మళ్లీ పంపండమ్మా, నేనే చూస్తాను."