వేలు రాసి చూసే మనిషి

ఇరవై ఏళ్లుగా ఇళ్లు శుభ్రం చేస్తున్న ఆమె, ఏ గదిలో అడుగుపెట్టినా ముందు దుమ్ముందేమోనని కిటికీ అంచున చూపుడువేలు రాసి చూస్తుంది. వాక్యూమ్ క్లీనర్ కొనడానికి ఇంటావిడ ఆమెను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లింది. లోపల దుమ్ము పట్టే సంచీ లేనిదైతే మాటిమాటికీ సంచులు కొనే బెడద ఉండదనీ, దుమ్ము చేరిన డబ్బా దులిపేస్తే చాలనీ సేల్స్‌మన్ ఊదరగొట్టాడు.

"ఏదీ, ఒకసారి దులిపి చూపించు బాబూ," అందామె.

వాడి చూపించడానికి పెట్టిన మెషీన్ డబ్బాను అతను చెత్తబుట్టలోకి దులిపాడు. దుమ్ము గుప్పున లేచింది. అతను వరసగా మూడుసార్లు తుమ్మాడు. ఆమె పక్కనున్న గాజుబల్ల మీద వేలు రాసి ఇంటావిడకు చూపించింది.

"ఇదంతా మళ్లీ తుడిచేది నేనే కదమ్మా. సంచీ అయితే దుమ్ముతో సహా తీసి పారేస్తా."

"ఆవిడ చెప్పిందే ఇవ్వండి," అంది ఇంటావిడ.

సేల్స్‌మన్ బల్ల తుడవబోతే అతని చేతిలోని గుడ్డ ఆమే తీసుకుంది. తుడిచి, మళ్లీ వేలు రాసి చూసుకుని, అప్పుడు సంచీ ఉన్న మెషీన్ పెట్టె ఎత్తుకుంది.