జుట్టు బిళ్లలూ నా రక్తపరీక్షా

డాక్టరు కంప్యూటర్ తెరను నావైపు తిప్పి, పెన్ను కొసతో ఒక అంకెను చూపించింది. టెస్టోస్టెరాన్. నాకు పీసీఓఎస్ ఉందని ఆరేళ్ల క్రితమే తేలింది కాబట్టి ఆ హార్మోన్ కాస్త ఎక్కువగా ఉండడం నాకు కొత్త కాదు. ఈసారి మాత్రం అది కాస్త కాదు. పీసీఓఎస్ ఒక్కదానివల్లే సాధారణంగా ఇంత పెరగదనీ, అండాశయంలో గానీ అడ్రినల్ గ్రంథిలో గానీ కణితి ఉందేమో చూడాలనీ, రెండు వారాల్లో స్కాన్ తీయిద్దామనీ ఆమె నెమ్మదిగా చెప్పింది. కణితే అయితే ఆ అండాశయం తీసెయ్యవలసి రావచ్చు.

“మెట్‌ఫార్మిన్ కాకుండా ఇంకేమైనా మందులు వాడుతున్నారా?”

“లేదు,” అన్నాను. అబద్ధం చెబుతున్నానని అప్పుడు నాకు తెలియదు.

పీసీఓఎస్ గురించి నాకు సలహా ఇవ్వని తెలుగువాళ్లు ఈ ఊళ్లో లేరేమో. పెళ్లి చేసుకుంటే అదే పోతుందన్నారు. పాలు మానేయమన్న మనిషే, మరుసటి నెల, పాలలో ఏదో పొడి కలుపుకుని తాగమంది. ఈ జబ్బు పేరులో ఉన్న ‘పాలీసిస్టిక్’, అంటే చాలా తిత్తులు, అన్న మాటే మనుషులను తప్పుదారి పట్టిస్తుంది. స్కాన్‌లో కనిపించే ఆ నల్లని చుక్కలు నిజానికి తిత్తులు కావు, అండం పెరిగే సంచులు, సగం ఎదిగి ఆగిపోయిన ఫాలికల్స్. వాటిని ‘కరిగించే’ కషాయాల ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నాకు తెలిసినంతవరకు ఆధారం ఉన్న మాటలు కొన్నే. ఇది పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకోదగ్గది. తిండి, నడక, నిద్ర, అవసరమైన మందులు, ఎప్పటికప్పుడు చక్కెర పరీక్ష. నెలసరి నెలల తరబడి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతుంది, దాన్ని ఉపేక్షించకూడదు. ఇందులో వాట్సాప్‌లో పంచుకోవలసినంత వింత ఏమీ లేదు.

వాట్సాప్ అనగానే, సెరంగూన్ పేటలో ఉంటారని మేము సెరంగూన్ ఆంటీ అని పిలిచే ఆవిడ సంగతి చెప్పాలి. పీసీఓఎస్ ఉన్న తెలుగు అమ్మాయిల కోసం ఆవిడే ఒక గ్రూపు నడుపుతారు. నెలకొకసారి తన కాండో ఫ్లాట్‌కి భోజనానికి పిలుస్తారు. గోంగూర పచ్చడి వేయనిదే ఎవరినీ కదలనివ్వని మంచి మనిషి. అయిదు నెలల క్రితం అక్కడే, చేయి కడుక్కుంటున్న నా నెత్తి వైపు ఆవిడ తేరిపార చూశారు.

“ఏంటమ్మాయ్, ఆ పాపిడేంటి? చాంగీ ఎయిర్‌పోర్ట్ రన్‌వేలా ఉంది!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆంటీ లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. మన దేశం నుంచి ఎవరు వస్తున్నా సూట్‌కేసులో నాలుగైదు డబ్బాలు తెప్పించి పంచడం ఆవిడకు అలవాటు.

“ఇందులో ఏముంది ఆంటీ?”

“మందు కాదులే, కంగారుపడకు. విటమినే. మీలాంటోళ్ల కోసమే స్పెషల్‌గా చేశారంట. డబ్బా మీదే ఉంది చూడు, పీసీఓఎస్ అని.”

సోఫాలోంచి ఆవిడ కూతురు ఫోన్ మీంచి తల ఎత్తకుండానే, మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి యాసలో అంది. “మమ్మీ, అక్క సైంటిస్ట్ లా. షీ విల్ చెక్.”

నిజంగానే చెక్ చేశాను. బయోటిన్, పది మిల్లీగ్రాములు. మనిషికి రోజుకు కావలసినదానికి మూడు వందల రెట్లు పైనే. లోపం లేనివాళ్లకు దీనివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని నాకు తెలుసు. పని చేయదు, హానీ చేయదు అనుకున్నాను. మొదటి మాటను పరిశీలించాను. రెండోదాన్ని ఊరికే నమ్మాను. పొద్దున దువ్వెన నిండా జుట్టు చూసుకున్నాక రోజుకొకటి మింగడం మొదలుపెట్టాను.

స్కాన్ మాట విన్న మూడోరోజు మధ్యాహ్నం, పరిశోధనశాల క్యాంటీన్‌లో ఆ రిపోర్టులను మళ్లీ ముందు వేసుకుని కూర్చున్నాను. రక్తపరీక్షల పద్ధతులు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో తేల్చడమే నా ఉద్యోగం. టెస్టోస్టెరాన్ పైకి పోయింది. థైరాయిడ్‌కు చూసే టీఎస్‌హెచ్ అడుగంటింది. అది నిజమైతే గుండె దడదడలాడాలి, చేతులు వణకాలి. నాకు అవేవీ లేవు. ఒక పద్ధతిలో చేసిన పరీక్షలన్నీ పైకి, మరో పద్ధతిలో చేసినవన్నీ కిందికి. పరీక్ష పద్ధతిని చూసి నడుచుకునే జబ్బు ఎక్కడైనా ఉంటుందా?

లేచి ల్యాబ్‌లోకి వెళ్లాను. నా బల్ల మీద, నేను రోజూ వాడే సన్నని పూసల సీసా ఉంది. ఆ పూసలకు బయోటిన్ అతుక్కుంటుంది. చాలా హార్మోన్ పరీక్షలు ఆ అతుకునే కొక్కెంలా వాడుకుంటాయి. రక్తంలోనే బయోటిన్ పొంగి పొర్లుతుంటే ఆ చోటంతా అదే ఆక్రమిస్తుంది, యంత్రం, పరీక్ష పద్ధతిని బట్టి, ఎక్కువో తక్కువో తప్పు అంకె చూపిస్తుంది. ఈ విషయం కొత్తగా చేరినవాళ్లకు నేనే పాఠం చెబుతాను. నా వంటింటి అలమారలో ఉన్న డబ్బా మాత్రం ఆ పాఠంలోకి ఏనాడూ రాలేదు.

డాక్టరుకు ఫోన్ చేసి ఆ డబ్బా సంగతి చెప్పాను. బిళ్లలు వెంటనే ఆపేసి వారం తరువాత మళ్లీ రక్తం ఇవ్వమంది. స్కాన్ తేదీని మాత్రం అలాగే ఉంచింది. అలా ఉంచడమే సరైన పని. ఆ వారమంతా బెడోక్‌లో నా గదికి వెళ్లే దారిలో, బస్సులో, లిఫ్టులో, తెలియకుండానే చేయి పొత్తికడుపు మీదికి పోయేది.

రెండో ఫలితంలో టెస్టోస్టెరాన్ నా పాత స్థాయికి దిగింది. టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది. స్కాన్ అవసరం లేదంది డాక్టరు.

ఊరట ఒక పూట నిలిచింది. ఆ తరువాత కోపం వచ్చింది. ఎవరికైతే పదే పదే హార్మోన్ పరీక్షలు చేస్తారో వాళ్ల కోసమే ప్రత్యేకంగా తయారు చేశామని ఆ డబ్బా చెప్పుకుంటుంది. ఆ పరీక్షలనే ఇది తారుమారు చేయగలదన్న హెచ్చరిక దాని మీద ఒక్క ముక్క లేదు. జడ వేసుకున్న అందమైన అమ్మాయి బొమ్మకు మాత్రం చోటు దొరికింది. నాలాగా కాకుండా, నిజంగానే కణితి ఉన్న మనిషికి ఏదో ఒక అంకె తలకిందులై మామూలుగా కనిపిస్తే?

గ్రూపులో నాలుగు వాక్యాలు రాశాను. బయోటిన్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, రక్తపరీక్షకు ఎన్నాళ్ల ముందు ఆపాలో అడగండి, డాక్టరు రాసిన మందులు మాత్రం మానకండి, ఇప్పటికే వింత ఫలితాలు వచ్చి ఉంటే మళ్లీ చేయించుకోండి. పది నిమిషాల్లో ఆ మెసేజ్ మాయమైంది. ఆంటీ ఫోన్ చేశారు.

“గ్రూపులో నెగెటివిటీ ఎందుకమ్మా? పిల్లలు హడలిపోతారు. అయినా నీకేం కాలేదుగా!”

“కాలేదని ఎప్పుడు తెలిసింది ఆంటీ? మీ బిళ్లలు మానేశాక.”

“ఇన్నేళ్లుగా అందరికీ పంచుతున్నా. ఒక్కళ్లూ అనలేదు ఇలా.”

“వాళ్లకు తెలిస్తే కదా అనడానికి?”

“సరేలేమ్మా, పీహెచ్‌డీలు చేసినోళ్లతో మేమేం వాదిస్తాం,” అని పెట్టేశారు.

సాయంత్రం, ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. భోజనాల్లో రెండుసార్లు చూశాను, వరంగల్ వైపు పిల్ల.

“అక్కా, మీ మెసేజ్ పోకముందే చూసిన. నాకు ఎల్లుండి బ్లడ్ టెస్ట్ ఉంది. పొద్దుగాల కూడా గోలి ఏసుకున్న. ఇప్పుడేం జెయ్యాలె?”

“గోలి ఆపెయ్. ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి సంగతి చెప్పు, తేదీ మార్చమను. డబ్బా ఫొటో తీసి పంపు.”

“ఆంటీకి చెప్పకుండ్రి అక్కా. గ్రూపులకెళ్లి తీసేస్తది.”

చెప్పనన్నాను. అరగంట తరువాత, అపాయింట్‌మెంట్ వచ్చే వారానికి మారినట్టు స్క్రీన్‌షాట్ వచ్చింది. ఆంటీ నన్నింకా గ్రూపులోంచి తీసెయ్యలేదు. సభ్యుల జాబితా తెరిచి, పైనుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా ఆ నాలుగు వాక్యాలే పంపడం మొదలుపెట్టాను.