దుబాయి బ్యాగుకు కొత్త తోలు

దౌల్తాబాద్‌లో మా చిన్నమ్మ ఇంటికి రంగులు వేయించడానికి బీరువా ఖాళీ చేస్తే, అడుగు అరలోంచి ఒక తోలు హ్యాండ్‌బ్యాగు బయటపడింది. పెళ్లయిన కొత్తలో ఎవరో ఇచ్చారట. పొలానికీ ఇంటికీ మధ్య తిరిగిన మనిషికి దాన్ని భుజాన వేసుకునే సందర్భమే రాలేదు. పారేయడానికి మనసొప్పక, టౌన్లో ఉండేదానివి నీకు పనికొస్తుందిలే అని నా చేతిలో పెట్టింది. పట్టుకుంటే అప్పడంలా గట్టిగా ఉంది. సిద్దిపేట బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, వారం తిరక్కుండా కొత్తదానిలా చేసి చూపిస్తానని ఉత్సాహపడ్డాను.

ఇంటికి రాగానే దాన్ని సబ్బు నీళ్లలో ముంచాను. తర్వాత దాబా మీద ఎండలో ఆరేశాను. మా ఊరి ఎండ సంగతి తెలిసి కూడా ఆరేశాను. సాయంత్రం వెళ్లి చూస్తే బ్యాగు ఒక పక్కకు మెలితిరిగి, మడతల దగ్గర పగుళ్లు వేసి ఉంది. ఎండిన జుట్టుకు పనికొచ్చేది ఎండిన తోలుకు పనికిరాదా అని కొబ్బరినూనె దట్టంగా పట్టించాను. తెల్లారేసరికి అది మచ్చలు మచ్చలుగా నల్లబడి, ఇల్లంతా ఒకటే నూనె వాసన. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇక పోపు పెట్టడం ఒక్కటే మిగిలిందని అన్నాడు.

ఆ మాట నాకు బాగా తగిలింది. ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. పాత తోలును నీళ్లలో ముంచకూడదని, పొడి నూలుగుడ్డతో తుడిచి తర్వాత కొద్దిగా తడిపిన గుడ్డతో అద్దాలని, నీడలోనే ఆరనివ్వాలని, నూనెకు బదులు తోలు కోసమే చేసిన క్రీము వేలి కొసతో తీసుకుని పలుచగా రాయాలని అప్పుడు తెలిసింది. కొన్ని నేనే పాడుచేసి నేర్చుకున్నాను. ఆకారం నిలబడాలని లోపల పేపర్లు కుక్కితే సిరా అంటుకుంది. అప్పటినుంచి పాత చీర ముక్కలు పెడుతున్నాను. ఇత్తడి బకిల్ చింతపండుతో తోమితే తళతళలాడింది కానీ ఆ పులుపు పక్కనున్న తోలు మీద చారికలు పెట్టింది. ఇప్పుడు బకిల్ చుట్టూ టేపు అంటించాకే చింతపండు ముడతాను.

మా మామ ఈ పనిలోకి ఎలా వచ్చాడో చెప్పాలి. మా అత్తింటివాళ్లది నేతపని. మామ జీవితమంతా గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి. మోకాళ్లు మొరాయించాక మగ్గం దిగాడు. మా ఆయన తన చీరల దుకాణంలో కూర్చోమంటే, ఒకరు నేసినది ఇంకొకరు అమ్ముతుంటే చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదని ఇంట్లోనే ఉండిపోయాడు. ఒకరోజు నేను వరండాలో చిన్నమ్మ బ్యాగు పట్టీ కుడుతుంటే దారం మాటిమాటికీ తెగుతోంది. మామ కాసేపు ఓపిక పట్టి, లేచి వచ్చి నా చేతిలోంచి దారం లాక్కున్నాడు. దానికి తేనె మైనం పట్టించి, రెండు కొసలకు రెండు సూదులు ఎక్కించి, పాత రంధ్రాల్లోంచే ఒక సూది ఇటు, ఒక సూది అటు తీస్తూ కుట్టుకుంటూ పోయాడు. ఆ మైనం సంగతి నేను వీడియోలో చూసిందే, కానీ నా చేతికి అంత తేలిగ్గా రాలేదు. ఆ రోజు నుంచి తుడవడం, క్రీము రాయడం నా వంతు, కుట్టు మామ వంతు. దారం బాగాలేదని, వెలుతురు చాలదని, నేను తోలును సరిగా పట్టుకోవడం లేదని రోజంతా సణుగుతాడు. అన్నం మాత్రం మునుపటికంటే ఎక్కువ తింటున్నాడు.

చిన్నమ్మ బ్యాగు ఒక దారికొచ్చేసరికి మా వీధిలో ఈ సంగతి పాకింది. ఇన్ని ఇళ్ల బీరువాల్లో ఇన్ని తోలు బ్యాగులున్నాయని నేను ఊహించలేదు. గల్ఫ్ నుంచి, బొంబాయి నుంచి వచ్చి, పెళ్లిళ్లలో ఒకటిరెండు సార్లు వెలిగి, ఆ తర్వాత పట్టుచీరల కింద పడుకున్నవి. ఎవరైనా తెస్తే సరదాకి చేసిచ్చేదాన్ని.

అలా ఒకరోజు పక్క గల్లీ పెద్దమ్మ వచ్చింది. చుట్టరికం లేదు, వరస మాత్రమే. ఆమె భర్తను పెద్దనాయిన అంటాను. వయసులో ఉండగా రెండేళ్లు దుబాయిలో కట్టడాల పని చేసి వచ్చి, తర్వాత ఇక్కడే కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. పెద్దమ్మ కొంగు చాటునుంచి కాఫీ రంగు బ్యాగు ఒకటి తీసింది. బెజ్జంకిలో తన చెల్లెలి మనవరాలి పెళ్లి ఉందట. అక్కచెల్లెళ్లందరూ ఒకప్పుడు ఈ బ్యాగును చూసి కుళ్లుకున్నవాళ్లేనట. పెళ్లికి ఇదే పట్టుకుపోవాలని పట్టుదల.

చేతిలోకి తీసుకోగానే నాకు అర్థమైంది. మూల దగ్గర పైపొర లేచిపోయి కింద గుడ్డ పోగులు కనిపిస్తున్నాయి. తోలుకు పోగులుండవు, వెనక మెత్తటి పీచు ఉంటుంది. ఇది రెగ్జిన్. ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే పెద్దమ్మే గొంతు తగ్గించింది.

"గిది తోలు గాదని నాకెర్కే బిడ్డా. ఆయనకు తెల్వది. దుకాణపోడు మోసం జేసిండు, పాపం. ఆయన సూస్తే తోలే అనుకోవాలె, గట్ల చెయ్యి."

ఇన్నేళ్లూ మూలలు లేచినప్పుడల్లా, భర్త దుకాణంలో ఉన్న సమయం చూసి చెప్పుల పాలిష్ రుద్ది కప్పిపెట్టిందట. ఇప్పుడు పాలిష్‌కు కూడా లొంగట్లేదట. చూస్తానని చెప్పి పంపాను. రెగ్జిన్ పొర ఊడితే దానికి మందు లేదు. క్రీము ఇంకదు, పాలిష్ నిలవదు. ఆ మాట చెప్పే ధైర్యం చాలలేదు.

మర్నాడు కూరగాయలకు రైతు బజారుకు వెళ్తుంటే పెద్దనాయిన దుకాణం మీంచి కేకేశాడు. గిరాకీ ఎవరూ లేరని చూసుకుని, మీ పెద్దమ్మ బ్యాగు ఇచ్చిందా అని అడిగాడు. ఇచ్చిందన్నాను. ఆయన త్రాసు గిన్నె తీసి తుడవసాగాడు.

"నువ్వు తోలు పని చేసేదానివి, నీకు తెలిసే ఉంటది. గది రెగ్జిన్. ఆమెకు మాత్రం చెప్పకు బిడ్డా. తోలనే ఇన్నేండ్లు దాసుకున్నది."

నాకు నవ్వు వచ్చింది. వంకాయలు కొనడానికి వెళ్లినదాన్ని బెండకాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను. ఆయన రహస్యం ఆమెకు తెలుసు. ఆమె రహస్యం నిజానికి రహస్యమే కాదు. ఇద్దరి మాటా నా నోట్లో ఉంది, ఎవరితోనూ చెప్పడానికి లేదు. ఉండబట్టలేక మామకు చెప్పాను. ఆయన బ్యాగును తిప్పి చూసి, కుట్టు గట్టిగానే ఉంది, లోపలి గుడ్డ బాగుంది, క్లిప్పు బాగుంది, పోయింది పై రెగ్జిన్ ఒక్కటే కదా, అది తీసి తోలు వేద్దామన్నాడు. చిరిగిన రవిక గురించి మాట్లాడినంత తేలిగ్గా అన్నాడు.

తోలెక్కడిది అంటే మా తమ్ముడి జాకెట్టు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడు మోజుపడి కాఫీ రంగు తోలు జాకెట్టు కొన్నాడు. సిద్దిపేటలో తోలు జాకెట్టు వేసుకోగలిగే చలి ఏడాదికి కొన్ని పొద్దులే ఉంటుంది. ఆ కొన్ని పొద్దుల్లోనూ ఇప్పుడు వాడి పొట్ట మీద జిప్పు కలవదు. ఫోన్ చేసి అడిగితే, సన్నబడ్డాక వేసుకుంటానన్నాడు. కాసేపటికి వాడే, సరే తీసుకపో అక్కా అన్నాడు.

పెద్దనాయినను మళ్లీ కలిసి రెగ్జిన్ తీసి తోలు వేయనా అని అడిగాను. పెద్దమ్మకు తేడా తెలియకుండా ఉంటే చాలన్నాడు. తర్వాత పని మొదలైంది. బ్లేడుతో పాత కుట్లన్నీ విప్పి, రెగ్జిన్ ముక్కలను అట్ట మీద పరిచి గీతలు గీసుకున్నాను. జాకెట్టు వీపు భాగం బ్యాగు ముందూ వెనకలకు సరిపోయింది. చేతులను పొడుగ్గా కోసి పట్టీ చేశాం. జాకెట్టు తోలు మరీ పలుచన, నిలబడదు. మామ తన పాత దుప్పటి మందమైన నూలుగుడ్డను లోపల అంటించమన్నాడు. కుట్టు మిషను మీద ప్రయత్నిస్తే సూది విరిగింది. మామ సంతోషపడ్డాడనిపించింది. అంతా చేత్తోనే కుట్టాడు. పూల పూల లోపలి గుడ్డను పెద్దమ్మ గుర్తుపడుతుందని దాన్నే మళ్లీ వేశాం. క్లిప్పు ఎలాగూ విడిగానే ఉంది కాబట్టి నిర్భయంగా చింతపండు పెట్టి తోమాను.

పూర్తయ్యాక వరండా గోడకు ఆనించి ఇద్దరం దూరంగా జరిగి చూశాం. రంగు ఒక్క పిసరు ముదురు. ఎవరైనా అడిగితే పాలిష్ వల్ల అని చెప్పాలని, తోలు మార్చిన మాట ఎత్తకూడదని మామకు గట్టిగా చెప్పాను. తల ఊపాడు.

సాయంత్రం భార్యాభర్తలిద్దరూ కలిసే వచ్చారు. పెద్దమ్మ బ్యాగు తీసుకుని బొటనవేలితో నొక్కింది. తోలు ముడతపడి మళ్లీ సాఫీ అయింది. ఆమె కళ్లు ఒక్కసారి నా వైపు తిరిగాయి, మళ్లీ భర్త వైపు.

చూశావా, తోలంటే ఎన్నేళ్లయినా ఇలాగే ఉంటుంది అని భర్తతో అంది. దుబాయి సరుకు మరి అని ఆయన అన్నాడు. ఆమె నాకు కనుసైగ చేసింది. ఆమె చూడకుండా ఆయనా చేశాడు. ఇక ఒక్క చాయ్ తాగి వెళ్లిపోతే గండం గడిచినట్టే అని నేను లోపలికి వెళ్లబోయాను.

మా మామ మాత్రం తన కుట్టును ఎవరైనా మెచ్చుకుంటారని అప్పటిదాకా ఎదురుచూస్తున్నాడు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"మెరుపుదేముంది, కుట్టు సూడున్రి. కోడలు తమ్ముని జాకెట్టు తోలది. పాత రెగ్జిన్ మొత్తం పీకి పారేసినం."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. పెద్దమ్మ, పెద్దనాయిన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోకపోవడమే ఇద్దరినీ పట్టించింది.

"నీకెర్కేనా?" అంది పెద్దమ్మ.

"కొన్ననాడే ఎర్క. నీకెట్ల ఎర్క?"

పెద్దమ్మ చెప్పుల పాలిష్ సంగతి చెప్పింది. పాలిష్ డబ్బా ఎందుకంత తొందరగా అయిపోతుందో అప్పుడు తెలిసిందన్నట్టు ఆయన తల పంకించాడు. ఆ తర్వాత నెమ్మదిగా అసలు కథ చెప్పాడు. దుబాయిలో రోజూ పనికి వెళ్లే దారిలో ఒక అద్దాల దుకాణంలో ఇలాంటిదే తోలు బ్యాగు ఉండేదట. భార్యకు అదే కొనాలనుకున్నాడు, కొనలేకపోయాడు. బొంబాయిలో దిగాక ఫుట్‌పాత్ మీద అచ్చం అలాంటిదే కనిపించింది. అది రెగ్జిన్ అని తెలిసే కొన్నాడు. ఇంటికొచ్చాక పెద్దమ్మ దాన్ని అందరికీ చూపిస్తుంటే ఇక నోరు విప్పలేకపోయాడు.

పెద్దమ్మ బ్యాగును ఆయన ఒళ్లో పెట్టింది. నా వైపు తిరిగి అంది.

"రెండేండ్లు ఎండల పని జేసి వచ్చిండు బిడ్డా. వచ్చినోన్ని నిలవెట్టి గిది తోలు గాదని ఎట్లనాలె?"

పెద్దనాయిన బ్యాగు క్లిప్పు తెరిచి మూస్తూ కూర్చున్నాడు. పెద్దమ్మే ముందు నవ్వింది. పాలిష్ రుద్దుతుండగా ఒకసారి ఆయన రావడం, అప్పుడు తన చెప్పులకే రుద్దుతున్నట్టు నటించి, ఎర్ర చెప్పులకు కాఫీ రంగు పూసుకోవడం చెప్పి నవ్వింది. ఆ చెప్పులు ఆయనకూ గుర్తున్నాయి. ఇద్దరూ నవ్వుకుంటూ ఉంటే మామ మళ్లీ కుట్టు గురించి అడిగాడు. ఈసారి పెద్దనాయిన కళ్లద్దాలు పెట్టుకుని పట్టీ పొడుగునా కుట్టు చూసి, బాగుందని ఒప్పుకున్నాడు.

బెజ్జంకి పెళ్లిలో ఈ కథను పెద్దనాయినే అందరికీ చెప్పాడట. బొంబాయి ఫుట్‌పాత్‌తో మొదలుపెట్టి మా తమ్ముడి పొట్ట దాకా. పెద్దమ్మ చెల్లెళ్లు బ్యాగును చేతులు మార్చుకుంటూ చూశారట. వాళ్లలో ఒకామె తన బీరువాలోనూ ఒక దుబాయి బ్యాగు ఉందని, అది తోలో కాదో ఇంటికి పోయి చూసుకోవాలని అన్నదట.

ఆ ఏడు వానాకాలం ముసురు పట్టింది. పెద్దమ్మ గొడుగు వేసుకుని గబగబా మా ఇంటికి వచ్చింది. బ్యాగు మీద తెల్లగా బూజు లేచింది. రెగ్జిన్‌గా ఉన్నప్పుడు ఏ వానకూ దానికి ఏమీ కాలేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో చింత కంటే సంబరమే ఎక్కువ కనిపించింది. వరండా చివర గాలి తగిలే చోట బ్యాగును పెట్టి, పొడిగుడ్డతో బూజు దులిపి, నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి గుడ్డ తడిపి అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టాను. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టకూడదని, నూలు సంచిలో ఉంచి అప్పుడప్పుడూ బయటికి తీసి గాలి తగలనివ్వాలని చెప్పాను. అన్నీ శ్రద్ధగా విన్నది. మరుసటి వారం రైతు బజారులో కనిపించింది. బ్యాగు భుజానికి వేలాడుతోంది, అందులోంచి కొత్తిమీర కట్ట బయటికి తొంగి చూస్తోంది.