పప్పులో మాంసం

మేబెల్ టీచర్ ముక్కు గురించి సికింద్రాబాద్‌లో తెలియనివాళ్ళు లేరు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఏ ఇంటి పోపులో ఇంగువ ఎక్కువైందో, ఎవరింట్లో పప్పు అడుగంటిందో చెప్పేసేది. ఒకసారి మారేడ్‌పల్లిలో తుమ్మి, "బేగంపేటలో ఎవరో మిరపకాయలు వేయిస్తున్నారు" అందట. వెళ్ళి చూస్తే నిజమే.

తెలుగు మీడియం ఆడపిల్లల హైస్కూల్లో ఆమె హోంసైన్స్ చెప్పేది. పిల్లలు బోర్డు మీద ఉన్నది నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుని, పెసరట్లు పోసి, తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవారు. "ఎందుకు టీచర్?" అని అడిగేది తొమ్మిదో తరగతి రాజ్యం ఒక్కతే. గంజి వార్చితే బలం ఎందుకు పోతుంది? మొలకెత్తిన పెసలు తియ్యగా ఎందుకుంటాయి? ఆ పిల్ల ప్రశ్నల కోసమే టీచర్ బడికి ఉత్సాహంగా వచ్చేది.

అలాంటి రాజ్యం ఒకరోజు కళ్ళు తుడుచుకుంటూ ఎదురైంది.

"మా మామ్మ హోంసైన్స్ మానెయ్యమంది టీచర్. సోమవారం నుంచి కుట్టుపని క్లాసుకి పోవాలంట."

"ఎందుకే?"

"నిన్న పాఠం పైకి చదివిన. పప్పుల్లో మాంసకృత్తులు పుష్కలంగా ఉంటాయని. మామ్మ కంచం తోసేసి లేచిపోయింది. అప్పటి నుంచి పప్పు ముట్టలే."

మేబెల్ టీచర్ నవ్వబోయి ఆగింది. ప్రోటీన్ అని కాన్వెంటులో చదువుకున్న మనిషి. ఇన్నేళ్ళూ ఆ తెలుగు మాటను పలికిందే గానీ, ఏనాడూ చెవిపెట్టి వినలేదు.

ఆ సాయంత్రమే రాజ్యం వెంట బేగంపేట వెళ్ళింది. ఆ ఇంటి గడప ఉల్లిపాయ కూడా తొక్కదు. వరండాలో మామ్మ నాంచారమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చునుంది.

"బందరులో గుడ్డు తినేవాళ్ళ వీధిలో కూడా నడిచినదాన్ని కాదు పంతులమ్మా. ఈ వయసులో కందిపప్పులో మాంసం పెట్టి నా నోట్లో కుక్కుతారా?"

"అది మాంసం కాదు మామ్మగారూ, ప్రోటీన్."

"ఇంగ్లీషులో తిడితే తిట్టు కాకుండా పోతుందా?"

రాజ్యం కిసుక్కుమంది. నాంచారమ్మ గ్లాసు పైకెత్తి చూపించింది.

"సరే, ఈ మజ్జిగలో ఉందా అది?"

మేబెల్ టీచర్ రాజ్యం వైపు చూసింది. లేదంటే అబద్ధమని రాజ్యానికి తెలిసిపోతుంది, ఆ పాఠం చెప్పింది తనే కదా. ఉందంటే పెద్దావిడ మజ్జిగ కూడా మానేస్తుంది, పిల్ల చదువూ అంతటితో సరి. విమానాశ్రయం పక్కనే ఇల్లు; సరిగ్గా అప్పుడే నెత్తిమీదుగా విమానం వెళ్ళింది. ఆ ఇంట్లో విమానం పోయేదాకా ఎవరూ మాట్లాడరు. ఆ రొద టీచరుకు వరంలా అందింది.

"ఉంది మామ్మగారూ" అంది, చప్పుడు తగ్గాక. "మజ్జిగలో ఉంది. మీరు తినే అన్నంలో సుత జెర ఉంటది. పుట్టగానే మీరు తాగిన మీ అమ్మ పాలల్లో కూడా ఉంది."

"మా అమ్మ పాలల్లోనా!"

"అది మన ఒంట్లో కండ పెంచేది. అంతే."

నాంచారమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మా అమ్మ నాకు మాంసం పెట్టదు" అంది. "అయితే తప్పు పప్పుది కాదు, పేరు పెట్టినవాడిది. కండబలం అనొచ్చుగా, వెధవ!"

గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

"ఏమే రాజ్యం, కుట్టుపనీ వద్దు, గిట్టుపనీ వద్దు. ఇంకా దేంట్లో ఏముందని చెబుతారో, రోజూ వచ్చి నాకు చెప్పు."

తర్వాతి వారం ఆకుకూరల పాఠం. తోటకూరలో ఇనుము ఉంటుందని టీచర్ చెప్పింది. మర్నాడు క్లాసు మొదలవకముందే రాజ్యం చెయ్యెత్తింది.

"టీచర్, మా మామ్మ తోటకూరకి అయస్కాంతం పెట్టి చూసింది. అంటుకోలేదు. ఎందుకని అడగమంది."

మేబెల్ టీచర్ పాఠ్యపుస్తకం తిరగేసింది; అందులో అయస్కాంతం ఊసే లేదు. ఆ సాయంత్రం రెండు లావుపాటి పుస్తకాలు, ఒక తోటకూర కట్ట సంచిలో వేసుకుని మళ్ళీ బేగంపేట బస్సెక్కింది.