కోటేశ్వరమ్మ పాకలో ఇసుక ఈగలు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. చాలా చిన్న మాట. "ఉన్నాయండి." అంతే. అది అనాల్సిన రోజున "లేవండి" అన్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనకే చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో బాపట్లలో ఒక సర్వేలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. ఇసుక ఈగలు ఏయే ఊళ్ళలో ఉన్నాయో చూసి రాయడం మా పని. పేరుకే ఈగ. దోమలో పావువంతు ఉంటుంది. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల పాకల్లో, పేడ పడి చెమ్మగిల్లిన నేలలో బతుకుతుంది. ఎగరడం కంటే గెంతడమే ఎక్కువ. అది కుడితే కొందరికి మానని పుండు పడే జబ్బు సోకవచ్చు. మా వైపు ఆ జబ్బు అరుదు. ఈ పాకలో ఉన్న ఈగ పక్క పాకలో ఉండకపోవచ్చు. అందుకే ప్రతి ఊరూ స్వయంగా వెళ్ళి చూడాలి.

రేపల్లె అవతల ఒక చిన్న ఊళ్ళో కోటేశ్వరమ్మ పిన్ని ఉండేది. మాకు చుట్టమేమీ కాదు, నేనే అలా పిలిచాను. భర్త పోయాడు. రెండు గేదెల పాలు ఇంటింటికీ పోసుకుని బతికేది. తెల్లవారుతుండగా ఆమె పాకలో టార్చి వేసి, గాజు గొట్టంతో గోడ నెర్రెల్లోంచి పదకొండు ఈగల్ని పట్టాను. ఆమె ఆ గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసింది.

"ఈ నలుసుల కోసం బాపట్ల నించి వచ్చావంటే నీకు పెళ్ళెవరు చేస్తారే, పురుగులమ్మాయ్!" అని నవ్వింది. గ్లాసు నిండా పాలు కాచి ఇచ్చింది.

నేను నేరుగా ఆఫీసుకు వెళ్ళలేదు. తెనాలిలో అక్క కూతురి అన్నప్రాశన ఉంటే ఆగాను. గొట్టాలు కిటికీలో పెట్టి మరిచిపోయాను. మర్నాడు చూస్తే చీమలు. గొట్టాల మూతికి పెట్టిన దూది పక్కనుంచి దూరి ఒక్క ఈగనూ మిగల్చలేదు.

మళ్ళీ వెళ్ళాల్సింది. పోనీ, జరిగింది జరిగినట్టు చెప్పాల్సింది. సూపర్‌వైజర్ తిట్టేవాడు, అంతేగా? కానీ ఆ నెలలోనే ఎవరి కాంట్రాక్టు పొడిగించాలో జాబితా రాస్తున్నారు. ఆ ఊరి పేరుకెదురుగా సున్నా రాశాను. దొరకలేదంటే లేవని కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చేతులారా పట్టినదాన్ని, ఆ మాట అనుకోవడానికి నాకు సిగ్గెందుకు వెయ్యలేదు?

అంతటితో ఆగి ఉంటే దాన్ని బద్ధకం అనుకునేదాన్ని.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. తెనాలి నుంచి ఒక చర్మవ్యాధుల డాక్టరు. సూపర్‌వైజర్ ఏ ఊరో కనుక్కుని, ఫోను నా చేతికిచ్చి ఎదురుగానే కూర్చున్నాడు.

"అమ్మా, ఇక్కడొకావిడ చెంప మీద పుండుతో వచ్చారు. నెలలైనా మానట్లేదు, నొప్పి లేదంటున్నారు. వాళ్ళ పాకలో మీరు ఇసుక ఈగల్ని పట్టారని చెబుతున్నారు. నిజమేనా?"

వెనక నుంచి కోటేశ్వరమ్మ పిన్ని గొంతు వినిపించింది. "ఆ పిల్లకి తెలుసండి, ఆ పిల్లనే అడగండి."

సూపర్‌వైజర్ రిజిస్టరు తెరిచి ఆ ఊరి వరస మీద వేలు పెట్టాడు.

"లేవండి," అన్నాను. "ఆ ఊళ్ళో లేవు."

"సరేనమ్మా. ఆవిడ పొరబడి ఉంటారు."

నా ఉద్యోగం నిలిచింది. సర్వే ముగిసింది. మ్యాపులో ఆ ఊరు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఈగలున్నంత మాత్రాన ఆ జబ్బేనని చెప్పలేం. కానీ ఉన్నాయని నేను అని ఉంటే ఆయన పుండులోంచి కాస్త గీకి పరీక్షకు పంపేవాడు. పంపలేదు. తర్వాత ఇంకో డాక్టరెవరో కుష్టేమోనని మందులు మొదలుపెట్టారు. ఆ మాట ఆమె కంటే ముందే ఊరు చేరింది. ఒక్కో ఇల్లూ ఆమె దగ్గర పాలు మానేసింది. గేదెల్ని అమ్ముకుని ఊరు విడిచింది. రెండేళ్ళ తర్వాత గుంటూరులో పరీక్ష చేస్తే అసలు జబ్బు బయటపడింది. అది ఆమెకెక్కడ సోకిందో ఇప్పటికీ తేలలేదు.

ఇవన్నీ నాకు ఆమే చెప్పింది. పోయిన నెల, రేపల్లె బస్టాండులో. చెంప మీద రూపాయి బిళ్ళంత గుంట. ఒక హాస్టల్లో అంట్లు తోముతోందట. నేను తల తిప్పుకుని వెళ్ళిపోబోతుంటే తనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ డాక్టరేమో నువ్వు లేవన్నావన్నాడు. నువ్వట్టా ఎందుకంటావు? ఆయనే సరిగ్గా వినుండడు," అంది.

ఇన్నేళ్ళూ ఆమె నన్ను అనుమానించలేదు. నన్ను తిట్టుకుంటూ ఉంటుందనుకున్నాను. తిట్టుకుని ఉంటేనే నయమనిపించింది.

"నేనే అన్నాను పిన్నీ." చీమల సంగతి, సున్నా సంగతి, అన్నీ చెప్పేశాను.

ఆమె కొంగు లాక్కుని చెంప కప్పుకుంది.

"నాకు చెబితే ఏముందమ్మా? మా ఊళ్ళో చెప్పు," అని లేచి బస్సెక్కింది. వెనక్కి చూడలేదు.

పోయిన వారం వెళ్ళాను. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళు క్యాన్లతో నిలబడి ఉన్నారు. కోటేశ్వరమ్మది కుష్టు కాదని, ఆమె పాల వల్ల ఎవరికీ ఏమీ అయ్యేది కాదని, డాక్టరు దగ్గర ఆమె నిజమే చెప్పిందని, అబద్ధమాడింది నేనని చెప్పాను.

ఒకామె క్యాను మూత బిగిస్తూ, "ఇప్పుడు చెప్పి ఏం లాభవమ్మా? గొడ్లమ్ముకుని పోయిందిగా," అంది. వరస ముందుకు కదిలింది.

ఆ సాయంత్రం నాకు ఆకలేసింది. చాలాకాలం తర్వాత కడుపునిండా తిన్నాను. అలా తినగలిగినందుకు సిగ్గేసింది. క్షమించమని ఎవర్నీ అడగడం లేదు. చెప్పాలి గనక చెప్పాను.