మెట్లెక్కే లిఫ్టమ్మ

లిఫ్టు నడిపే మనిషి మెట్లెక్కి రావడం ఎక్కడైనా చూశారా? లిఫ్టమ్మ వచ్చేది. రోజుకు పదిసార్లు వచ్చేది. జీతం లిఫ్టులో, ఆయాసం మెట్ల మీద.

సంగతేమిటంటే, ఆ నాలుగంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు బాగా ముసలిది. బరువెక్కువైతే కదలదు సరికదా, నెత్తిమీద గంట గణగణా మోగించి నలుగురిలో పరువు తీస్తుంది. అది మోగడమే ఆలస్యం, స్టూలు మీది లిఫ్టమ్మ దిగ్గున లేచేది.

"నేనే! నాదే ఆ గంట! జరగండి బాబూ, జరగండి. మీరు మీట నొక్కుకుని పదండి, నేను మెట్ల మీద వచ్చేస్తా!"

ఆమె దిగగానే గంట నోరు మూసుకునేది. ఇంక అనుమానమేముంది? ఎక్కినవాళ్ళు పైకి చేరి, కుర్చీల్లో కూర్చుని, మంచినీళ్ళు తాగేసరికి లిఫ్టమ్మ రొప్పుకుంటూ వచ్చేది. ఖాళీ లిఫ్టు తలుపు బార్లా తీసి "నాలుగో అంతస్తు!" అని కేకపెట్టేది. డ్యూటీ డ్యూటీయే మరి.

మనిషి భారీగానే ఉండేది, అబద్ధమెందుకు? యాభై దాటాక ఇంకాస్త నిండింది. ఆమె కూర్చుంటే స్టూలు కనిపించేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె గాల్లో కూర్చుందనుకుని గుటకలు మింగేవారు.

అందుకే డైటింగు. అదీ ఒకటి కాదు, అంతస్తుకొకటి. ఒకటో అంతస్తు కళ్ళ డాక్టరు అన్నం మాని అరటిపండ్లు తినమన్నాడు. రెండో అంతస్తు లాయరు పండ్లు మాని అన్నమే తినమన్నాడు. ఆయన చీపురుపుల్లలా ఉంటాడు కాబట్టి ఆ మాటకీ విలువుంది. మూడో అంతస్తు ట్యూషన్ మాస్టారు రెండూ మానేసి గుడ్లు తినమన్నాడు. పెద్దమనుషుల మాట తీసెయ్యడం లిఫ్టమ్మకు చేతకాదు. అందుకని ఒకటో అంతస్తులో పండు, రెండో అంతస్తులో అన్నం, మూడో అంతస్తులో రెండు గుడ్లు తినేది.

"ఇందాకే తిన్నావు కదే!" అనేది ఊడ్చే ఆవిడ.

"అది కింది అంతస్తు డైటు వదినా. దానికీ దీనికీ సంబంధం లేదు."

ఇలా ఉండగా నాలుగో అంతస్తు ఆఫీసులో కొత్త టైపిస్టు చేరింది. నలభై అయిదేళ్ళ మనిషి. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఇరవై ఏళ్ళు ఇంట్లో ఉన్నాక, ఎంతో బతిమాలుకుంటే దొరికిన ఉద్యోగం. బొద్దుగా, నవ్వుమొహంతో ఉంటుంది. మొదటిరోజు లిఫ్టులో కాలు పెట్టిందో లేదో గంట మోగింది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుమొహం కందగడ్డయింది.

"నేనే! నాదే ఆ గంట!" లిఫ్టమ్మ అప్పటికే మెట్ల దగ్గరుంది.

మూడు నెలలు ఇలాగే నడిచింది. ఆ తర్వాత లిఫ్టమ్మ మోకాళ్ళు మొండికేశాయి. ఆసుపత్రికి పోతే డాక్టరు అడిగాడు.

"రోజుకి ఎన్ని మెట్లెక్కుతారు?"

"ఏడెనిమిది వందలు."

"ఏం పని చేస్తారమ్మా?"

"లిఫ్టు నడుపుతా."

ఆయన కలం కింద పెట్టేశాడు. ఇంకొక్క మెట్టెక్కినా మోకాలు దక్కదని గట్టిగా చెప్పి పంపాడు.

మర్నాడు టైపిస్టు ఎక్కగానే గంట మోగింది. లిఫ్టమ్మ సగం లేచింది. మోకాలు కలుక్కుమంది. మళ్ళీ కూలబడింది. ఇంకేం, లిఫ్టులో ఉన్న కళ్ళన్నీ టైపిస్టు మీదికి తిరిగాయి.

"నేను మెట్ల మీద వస్తాలెండి" అని ఆమె దిగిపోయింది. గంట ఆగింది.

ఆ రోజునుంచి టైపిస్టు లిఫ్టు వైపు రాలేదు. చేతిలో క్యారేజీ కూడా మాయమైంది.

"అన్నం ఏదమ్మా?" అని లిఫ్టమ్మ ఆపి అడిగింది.

"డైటింగు అక్కా. మీరూ చేస్తున్నారుగా. పొద్దున వేడినీళ్ళు, మధ్యాహ్నం సగం కీరదోసకాయ."

పదిహేను రోజులకి టైపిస్టు మూడో అంతస్తు మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడింది. ఊడ్చే ఆవిడ నీళ్ళు చల్లి లిఫ్టమ్మ దగ్గరికి తీసుకొచ్చింది.

"రేపు రాజీనామా ఇచ్చేస్తానక్కా. ఇంట్లో కూర్చుంటే ఏ గంటా మోగదు" అంది టైపిస్టు.

ఆ రోజు లిఫ్టమ్మ రెండో అంతస్తులో అన్నం ముట్టలేదు. మూడో అంతస్తులో గుడ్లు గుడ్లలాగే ఉన్నాయి. ఊడ్చే ఆవిడకి చెమటలు పట్టాయి.

తెల్లారి టైపిస్టు కాగితం పట్టుకుని మెట్ల వైపు నడుస్తోంది. లిఫ్టులో అప్పటికే కళ్ళ డాక్టరు, లాయరు, మాస్టారు ఉన్నారు.

"ఇలా రా అమ్మాయ్!"

"వద్దక్కా..."

"వస్తావా, నన్ను లేచి రమ్మంటావా? మోకాలు పోతే పూచీ నీదే!"

వచ్చింది. గంట మోగింది. మళ్ళీ అందరి కళ్ళూ ఆమె మీదికి తిరిగాయి.

"లాయరు గారూ, మీరు దిగండి" అంది లిఫ్టమ్మ, స్టూలు మీంచి కదలకుండా.

"నేనా! నేను యాభై రెండు కిలోలమ్మా!"

"ఆ యాభై రెండే దించండి."

దిగాడు. గంట ఆగింది.

"ఇప్పుడు ఎక్కండి. డాక్టరు గారూ, మీరు దిగండి."

ఆయన ఎక్కగానే మోగింది, ఈయన దిగగానే ఆగింది. మాస్టారిదీ అదే కథ.

"చూశారా? ఎవరు దిగినా ఆగుతుంది. అందరూ కలిసి ఎక్కితే మోగేదానికి ఒక్కళ్ళ వంక చూస్తారేం? వెళ్ళండి, ఇవాళ మీ ముగ్గురూ మెట్లెక్కండి."

ముగ్గురూ మెట్ల వైపు నడిచారు. టైపిస్టు గుడ్లప్పగించి చూస్తోంది.

"ఇది మీకెప్పుడు తెలిసిందక్కా?"

"పదేళ్ళయింది. జ్వరమొచ్చి వారం రాలేదు. నేను లేకపోయినా మోగిందట. మూడో అంతస్తులో పాఠాలు చెప్పే పిల్ల ఒకతె ఉండేది, నీలాగే బొద్దుగా. దాని వంక చూసి చూసి వారంలో మాన్పించేశారు."

"తెలిసి కూడా ఇన్నేళ్ళు మెట్లెక్కారా?"

"గంట మోగితే జనం ఒక మొహం కోసం వెతుకుతారే పిల్లా. నా మొహం వెడల్పు. వాళ్ళకి వెతుక్కునే శ్రమ ఉండదు."

"మరి డైటింగు?"

"మొదట్లో నిజంగానే చేశా. తర్వాత, నేరం ఒప్పుకున్నాక శిక్ష కూడా కనబడాలిగా! ఇంక చాలు. యాభై మూడేళ్ళనుంచి నన్ను మోస్తున్న ఒళ్ళు ఇది. అది గంట మోగించలేదు, నేనే దాని పేరు చెప్పుకుంటూ తిరిగా. నీ కాగితం ఇటివ్వు. రేపు క్యారేజీ తే."

ఇప్పుడు ఒంటిగంటకి లిఫ్టు కిందే ఆగి ఉంటుంది. స్టూలు మీద వేడి క్యారేజీ, దాని అడుగున నాలుగు మడతల రాజీనామా. అటూ ఇటూ నేల మీద లిఫ్టమ్మ, టైపిస్టు కాళ్ళు బారజాపుకుని కూర్చుని తింటుంటారు. డైటు ఒక్కటే, అన్ని అంతస్తులకీ కలిపి.

నిన్న లాయరు వచ్చి తలుపు తట్టాడు. "లిఫ్టమ్మా, పైకి వెళ్ళాలి!"

"మెట్లున్నాయి బాబూ," అంది లిఫ్టమ్మ ముద్ద మింగి, "యాభై రెండు కిలోలేగా, ఎగురుకుంటూ పోండి!"