స్టేషన్ ముందు నిప్పురవ్వ

వాన వెలిసిన ఉదయం పాత కారు బానెట్ ఎత్తితే తడి ఇనుమూ, పెట్రోలూ, వేడెక్కిన రబ్బరూ కలిసిన వాసన ఒకటి వస్తుంది. మొన్న మా వీధి చివర ఎవరో అలా బానెట్ ఎత్తి నిలబడ్డారు. కూరగాయల సంచితో వెళుతున్నదాన్ని ఆగిపోయాను. ఆ వాసన నాకు దానియేలు మావయ్యను గుర్తుచేస్తుంది. ఆయన మాకు చుట్టం కాదు. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల దగ్గర మా పక్కింటాయన. రైల్వే జీపులూ లారీలూ బాగుచేసి రిటైరైన మనిషి. పొట్టిగా, బిగువుగా ఉండేవాడు. ఆదివారం చర్చిలో ఆయన గొంతెత్తితే కిటికీ అద్దాలు అదిరేవి.

ఎనభైల్లో మా నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆయన నడిపే అంబాసిడర్ టాక్సీ ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉండిపోయింది. నాకు అన్నదమ్ములు లేరు. ఒక సాయంత్రం, "టాక్సీ నేను నడుపుతాను" అన్నాను. అమ్మ కలుపుతున్న గరిటె ఆపి నా వంక చూసింది. మాట సరిగా రాని నాన్న మాత్రం గోడకు తగిలించిన తాళాల వైపు చూశాడు. నాకు అది చాలింది.

మర్నాడే దానియేలు మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"నడపడం ఎవులైనా నేర్పుతారమ్మా. దారిలో బండి ఆగిపోతే ఏటి సేస్తావు? ముందది నేర్సుకో. స్టీరింగు తరవాత."

అలా నా చదువు బానెట్ కింద మొదలైంది. ఇంజనులోని ప్రతి సిలిండర్‌లోనూ సరైన క్షణాన ఒక నిప్పురవ్వ పడాలి, పడకపోతే ఎంత పెద్ద బండి అయినా ఇనుపముద్దే అని చెప్పాడు. ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే లావు తీగ ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకుని, నన్ను తాళం తిప్పి వచ్చి చూడమన్నాడు. నేను రాగానే, రవ్వల్ని సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లను రెండో చేత్తో విడదీశాడు. చిటుక్కున నీలిరవ్వ దూకింది. నేను వెనక్కి గెంతాను.

"బయపడినావేటి?"

"పడినాను మావయ్యా."

"మంచిదే. బయముంటే సెయ్యి జాగర్తగా ఉంటాది. రవ్వ నీలంగా, దమ్ముగా ఉందా, పసుపుగా నీరసంగా ఉందా, అది సూడు."

ఊహించి విప్పడం ఆయనకు గిట్టదు. కరెంటు ఎక్కడి దాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోయింది, అక్కడే వెతకాలి. దానికోసం చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి నా చేతికిచ్చాడు. రవ్వలు ఏ వరసలో పడాలో నేను మరిచిపోతున్నానని ఒక కీర్తన రాగంలో పాడి నేర్పాడు: ఒకటి, మూడు, నాలుగు, రెండు. అమ్మ కోప్పడింది. "దేవుడి పాటకి ఇంజను లెక్కలేటి అన్నయ్యా?" అంది. ఆయన నవ్వి, "రవ్వని సేసినోడు కూడా ఆయనే కదమ్మా" అన్నాడు.

లైసెన్సు చేతికొచ్చాక స్టేషన్ ముందున్న టాక్సీ స్టాండుకు వెళ్ళి నా బండికి చోటు అడిగాను. అక్కడి డ్రైవర్లకు పెద్ద బిమల్ దా. బెంగాలీ అయినా మా వాళ్ళ మధ్య పెరిగినవాడు కాబట్టి తెలుగు బాగానే వచ్చు. మర్యాదగానే కాదన్నాడు.

"కోపం తెచ్చుకోకండి దీదీ. సవారీ ఎక్కినాక గాడీ బంద్ అయితే ఎవరు చూస్తారు? స్టాండు పేరు పోతుంది."

"నేనే చూసుకుంటాను దాదా."

వెనక ఎవరో నవ్వారు. బిమల్ దా చెయ్యెత్తి ఆ నవ్వును ఆపాడు. "ఠీక్ హై. రేపు పొద్దున్న రండి. మీ గాడీ మేం చెడగొడతాం. మీరు స్టార్ట్ చేస్తే లైన్లో చోటు మీదే."

మర్నాడు పోర్టర్లూ, రిక్షావాళ్ళూ, ట్రంకుపెట్టెలతో హిజ్లీ కాలేజీకి వెళ్ళే కుర్రాళ్ళూ చుట్టూ మూగారు. దానియేలు మావయ్య రోడ్డు అవతల టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల తిప్పుకుని టీ గ్లాసు అందుకున్నాడు.

తాళం తిప్పితే ఇంజను తిరిగింది కానీ అందుకోలేదు. ఒక డ్రైవర్ని సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పిస్తూ లావు తీగ పరీక్షించాను. రవ్వ లేదు. కాయిల్‌కు వచ్చే తీగ దగ్గర బల్బు పెట్టాను, వెలిగింది. కరెంటు అక్కడి దాకా వస్తోంది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వైపు పెట్టాను. ఇంజను తిరుగుతుంటే అక్కడ బల్బు వెలుగుతూ ఆరుతూ ఉండాలి. ఇది ఆరకుండా వెలుగుతోంది. అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తూ విడిపోతూ ఉండాల్సిన పాయింట్లు కలవడం లేదు. మూత తీశాను. పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టె అట్టముక్క దూర్చి ఉంది. జడపిన్ను తీసి దాన్ని బయటికి లాగాను.

మూతా, లావు తీగా తిరిగి బిగించి తాళం తిప్పించాను. ఇంజను అందుకుంది. కానీ బండంతా వణుకుతూ టపటపా పేలింది. "ఖతమ్" అన్నారెవరో. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. రవ్వ పుడుతోంది, చేరవలసిన చోటికి చేరడం లేదు, అంతే. ఇంజను ఆపి, పాట లోలోపల పాడుకుంటూ ఒక్కొక్క తీగనూ వేలితో వెంబడించాను. రెండు ప్లగ్గుల తీగలు తారుమారై ఉన్నాయి. మార్చి పెట్టి తాళం తిప్పాను.

అంబాసిడర్ మెత్తగా, నిలకడగా పాడింది. మా నాన్న రోజుల్లో వినిపించిన చప్పుడే అది. బిమల్ దా బానెట్ మీద అరచెయ్యి ఆనించి విన్నాడు. తర్వాత లైన్లోని బళ్ళ వైపు తిరిగి, "జాయ్‌గా ఛాడో" అని, చోటివ్వమని కేకేశాడు. హిజ్లీ వెళ్ళే తల్లీకొడుకుల పెట్టె తనే తెచ్చి నా డిక్కీలో పెట్టాడు.

బయల్దేరుతుంటే దానియేలు మావయ్య చెయ్యి చాపి రోడ్డు మీద నిలబడ్డాడు.

"టాక్సీ, నిమ్‌పురా వస్తావేటి?"

"సవారీ ఉన్నారు మావయ్యా. తిరిగొచ్చి తీసుకెల్తాను."

"ఎల్లమ్మా ఎల్లు. నాను కూకుంటాను." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

నేను తిరిగొచ్చేదాకా అక్కడే ఉన్నాడు. అంతకుముందు ఎప్పుడూ నా పక్క సీట్లోనే కూర్చునే మనిషి, ఆ రోజు వెనక సీట్లో దర్జాగా కూర్చుని, కిటికీ దించి, ఇల్లు చేరేదాకా పాడుతూనే ఉన్నాడు.

తొంభైల్లో బిమల్ దా తన కూతుర్ని నా దగ్గరికి తీసుకొచ్చి, బండి నేర్పమన్నాడు. ఒకరోజు ప్రేమ్ బజార్ దగ్గర, రద్దీ మధ్యలో, ఆ అమ్మాయి చేతిలో బండి ఆగిపోయింది. వెనక హారన్లు మోగుతున్నాయి. దిగి బానెట్ ఎత్తి, పక్క సీట్లో ఉన్న నా వైపు చూసింది. దిగి వెళ్ళి క్షణంలో సరిచేయాలని నా ఒళ్ళంతా ఉబలాటపడింది. ఆనాడు టీ కొట్టు బెంచీ మీద కదలకుండా కూర్చోవడానికి మావయ్యకు ఎంత బలం కావలసివచ్చిందో అప్పుడు తెలిసింది. నాకు ఆయన ఇచ్చినవాటిలో అన్నిటికన్నా విలువైనది అదే. ఆ తర్వాత ఎంతోమంది ఆడపిల్లలకు బండి నేర్పాను, ఇంకా నేర్పుతున్నాను.

"నువ్వే సూడమ్మా" అన్నాను ఆ అమ్మాయితో. కారు దిగలేదు.